నవ్వించేవాడి కూలి లెక్క ఎవరు కడతారు?

ఈమధ్య టీవీ పెడితే చాలు, ఒకప్పుడు మనల్ని కడుపుబ్బ నవ్వించినవాళ్లు కూచుని కష్టాలు చెప్పుకుంటున్నారు. మందులకు డబ్బుల్లేవని ఒకరు, పనికి పిలిచే దిక్కు లేదని ఇంకొకరు. చూసినోళ్లు "అయ్యో పాపం" అనుకుని ఛానల్ మారుస్తున్నారు. ఈ "అయ్యో పాపం" మీదే నా పేచీ.

మన బెజవాడ గుండు హనుమంతరావు సంగతే తీసుకోండి. 1956లో ఇక్కడే పుట్టారు. మిఠాయి కొట్టు చూసుకుంటూ నాటకాలాడారు. 1987లో 'అహ నా పెళ్లంట'తో సినిమాల్లోకి పోయారు. 'అమృతం' సీరియల్లో అంజిగా ఇంటింటికీ తెలిసిన మనిషయ్యారు. చివరికి భార్యా పోయి, కూతురూ పోయి, తన కిడ్నీలూ చెడిపోయాయి. అప్పుడు తోటి హాస్యనటుడు అలీ నడిపే టీవీ కార్యక్రమంలో కూచుని ఉన్నదున్నట్టు చెప్పుకున్నారు. అది చూసి చిరంజీవి రెండు లక్షలు పంపారు. తెలంగాణ ప్రభుత్వం అయిదు లక్షలిచ్చింది. 2018 ఫిబ్రవరి 19న ఆయన కన్నుమూశారు. ఇచ్చినవాళ్లకు దండం. కాని ఒక్క ప్రశ్న: ఆ మనిషి నలుగురిలో నోరు తెరిచి తన కష్టం చెప్పుకోకపోతే ఆ డబ్బు వచ్చేదా? ముప్పై ఏళ్లు చేసిన పనికి హక్కుగా రావలసింది, చివరి రోజుల్లో దానంగా ఎందుకొచ్చింది?

పావలా శ్యామలది ఇంకో కత. 'పావలా' నాటకం పేరే ఆమెకు ఇంటిపేరయింది. 2021లో, తనకొచ్చిన అవార్డులు అమ్ముకుని పొట్ట పోసుకుంటున్నానని ఆమె చెప్పింది. అప్పుడు చిరంజీవి లక్ష పైచిలుకు కడితే నటుల సంఘం 'మా'లో సభ్యత్వం దొరికింది. గమనించండి, అన్నేళ్లు నటించినా సంఘంలో చేరాలంటే లక్ష కావాలి! కూడు లేనోళ్లకే సంఘం అవసరం. లక్ష ఉన్నోళ్లకే సంఘం తలుపు తెరుచుకుంటుంది.

ఇది నిన్నామొన్నటి జబ్బు కాదు. 1949లో 'గుణసుందరి కథ'లో హీరో వేషం వేసిన కస్తూరి శివరావు ఆ రోజుల్లోనే బ్యూక్ కారులో తిరిగిన హాస్యనటుడు. 1966లో పోయేనాటికి చేతిలో ఏమీ మిగల్లేదు.

ఇట్టాంటి కబురు వినగానే పెద్దమనుషులు తీర్పు చెబుతారు: "తాగి తగలేశారు, ముందుచూపు లేదు." మన పేటల గురించి చెప్పే తీర్పూ ఇదే కదా! పెద్ద హీరోలకు భూములుంటాయి, స్టూడియోలుంటాయి, కొడుకులకు సినిమాలుంటాయి. చిన్న కమెడియన్‌కి ఉండేది రోజు కూలి. కాలవకు నీళ్లొస్తే నాట్ల పని, కాలవ కట్టేస్తే పస్తు. ఈ డెల్టా కూలోడి బతుకు మనకు తెలుసు. పిలిస్తే షూటింగు, లేకపోతే పస్తు. ఆ బతుకూ అదే. ముందుచూపు లేదంటారే, ముందు చూస్తే ఏం కనపడుద్ది?

ఇక రెండో సంగతి. మనల్ని నవ్వించడానికి వాడే సరుకేమిటి? పొట్టి వీరయ్య. ఈ పేరు చూడండి. మనిషి ఒంట్లో ఉన్న లోపమే ఇంటిపేరు! బాబూమోహన్ రెవెన్యూ ఉద్యోగం చేసిన మనిషి. మంత్రిగా కూడా చేశారు. 2014లో ఎస్సీ రిజర్వుడు అందోలు నుంచి గెలిచారు. మరి తెర మీద జనానికి గుర్తున్నదేమిటి? కోట శ్రీనివాసరావు చేత తిన్న తన్నులు. ఇందులో కోట గారి తప్పూ లేదు, బాబూమోహన్ గారి తప్పూ లేదు. ఇద్దరూ గొప్ప నటులే. ఎవడు తంతే నవ్వొస్తుందో, ఎవడు తన్నులు తింటే నవ్వొస్తుందో తేల్చింది కత రాసినవాడు. ఆ లెక్క అతను సినిమా ఆఫీసులో నేర్చుకోలేదు, ఊళ్లో నేర్చుకున్నాడు. బళ్లో పాఠం చెప్పేవాణ్ణి కనక ఒకటి చూస్తుంటాను. ఆదివారం సినిమాలో నల్లటి పిల్ల మీద ఒక పేరు పెట్టి నవ్వితే, సోమవారం పొద్దునకల్లా ఆ పేరు మా క్లాసులో ఒక పిల్లకు అంటుకుని ఉంటుంది.

అమెరికాలో బెర్ట్ విలియమ్స్ అనే నల్లజాతి హాస్యనటుడు ఉండేవాడు. ఎంతో పేరున్నోడు. పుట్టుకతోనే నల్లజాతి మనిషి అయినా స్టేజి ఎక్కాలంటే మొహానికి మసి పూసుకోవాలి! తెల్లోడు మనసులో అనుకున్న నల్లోడు కనపడితేనే జనం నవ్వుతారు. నవ్వుల వెనకున్న ఆ బాధ గురించి 1918లో ఆయన పత్రికలో వ్యాసం రాశాడు. 1922లో పోయాడు. ఆయన అడిగింది జాలి కాదు, మనిషిగా చూడమన్నాడు.

మన దగ్గరకే రండి. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం 'చింతామణి' నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి వేషం తమ కులాన్ని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు ఫిర్యాదు చేశారు. కులం పేరున నవ్వితే ఎంత మంట పుడుతుందో మనకంటే ఎవరికి తెలుసు? వాళ్ల బాధను కాదనను. కాని మాల మాదిగల మీద సామెతలు కట్టి తరతరాలుగా నవ్వుతుంటే ఏ ప్రభుత్వం కలం కదిలింది? ఇంకోటి, ఆ వేషమే కూడు పెట్టే కళాకారులు "మా పొట్ట కొట్టొద్దు" అని రోడ్డెక్కారు. నిషేధం రాసే ముందు వాళ్లనెవరడిగారు? వేషం మార్చి రాసుకునే దారి ఉండగా బతుకుదెరువే తీసేశారు.

వీళ్లు టీవీదాకా కూడా రానోళ్లు. బుర్రకతలో ఒక వంత రాజకీయం చెబుతాడు, ఇంకో వంత హాస్యం చెబుతాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన నాజర్, ప్రజానాట్యమండలితో బుర్రకతను ఊరూరా తిప్పారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన తన బతుకు కతకు పెట్టిన పేరు 'పింజారి'. జనం తిట్టుగా వాడే కులం పేరునే పుస్తకం అట్ట మీద నిలబెట్టారు. కష్టం చెప్పుకోవడమంటే అది! చేయి చాపడం కాదు, తల ఎత్తడం. మహారాష్ట్రలో అంబేడ్కర్ జల్సాలు కట్టినోళ్లు కూడా నవ్వును అట్టాగే వాడారు. నవ్వించి నవ్వించి పంతులునీ పటేలునీ నిలదీశారు.

కాబట్టి సంఘాల మిత్రులకు నాలుగు మాటలు. మన సభకొచ్చే కళాకారుడికి కూలి ముందే మాట్లాడి, స్టేజి దిగేలోపు చేతిలో పెట్టండి. హాస్యం చెప్పేవాడికీ కతకుడికీ సమాన వాటా ఇప్పించండి. అంబేడ్కర్ జయంతి నాడు మన పిల్లలు వేసే నాటికల్లో నలుపు మీదా, నత్తి మీదా, అవిటితనం మీదా నవ్వులుండకూడదు. ప్రతి మండలంలో ముసలి కళాకారుల జాబితా రాసి, పింఛను ఎవరికొస్తోందో, ఎవరికి రావడంలేదో తేల్చి కలెక్టరు ముందు పెట్టండి.

మన కోసం నవ్విన నోరు కూటికి వెతుక్కుంటుంటే, అది వాళ్ల తలరాత కాదు, మనమంతా ఎగ్గొట్టిన కూలి. బాకీ తీర్చడానికి జాలి అక్కర్లేదు, లెక్క కావాలి.

జై భీమ్!