సలహా చెప్పేవాళ్లకూ ఒక కట్టుబాటు కావాలి

కౌన్సెలింగ్ అనే మాట ఇవాళ మన పల్లెలకు కొత్త కాదు. పోలీసు ఠాణాలో కౌన్సెలింగ్, కోర్టులో కౌన్సెలింగ్, బడిలో కౌన్సెలింగ్, ఆస్పత్రిలో కౌన్సెలింగ్. అయితే ఈ పని చేసే మనిషికి ఏం తెలిసి ఉండాలి, ఏం చేయకూడదు, తప్పు చేస్తే ఎవరికి జవాబు చెప్పాలి అన్న ప్రశ్నలు మాత్రం గట్టిగా వినిపించడం లేదు. మందుల దుకాణం పెట్టాలంటే లైసెన్సు కావాలి. కడుపులో బాధ చెప్పుకున్న స్త్రీకి దారి చూపడానికి మాత్రం ఒక కుర్చీ, ఒక బోర్డు చాలునన్నట్టుగా ఏళ్ల తరబడి నడిచింది.

క్లినికల్ సైకాలజిస్టులను 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం రిజిస్ట్రేషన్ కిందికి తెచ్చింది. మిగిలిన కౌన్సెలర్లలో చాలామంది 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టంతో గాని లెక్కలోకి రాలేదు. హెచ్ఐవి కౌన్సెలర్లు, కుటుంబ నియంత్రణ కౌన్సెలర్లు, సామాజిక కార్యకర్తలు ఆ చట్టం జాబితాలో ఉన్నారు. కానీ చట్టం పుట్టినంత మాత్రాన ప్రమాణం పుట్టదు. దాన్ని ఎవరో కూర్చుని రాయాలి. ఆ రాసేవాళ్లెవరన్నదే అసలు ప్రశ్న.

అనుభవం ఉన్నవాళ్లు ఈ పనిలో స్వచ్ఛందంగా పాల్గొనాలన్న మాట వచ్చినప్పుడల్లా మనలో రెండు అభిప్రాయాలు వినిపిస్తున్నాయి. ఇది పెద్ద చదువులవాళ్ల వ్యవహారం, మనకెందుకని కొందరు. ప్రభుత్వం చేతికి పగ్గం ఇచ్చినట్టవుతుందని మరికొందరు. కొండగట్టు చుట్టుపక్కల ఊళ్లలో ఇరవై ఏళ్లుగా స్త్రీల గోడు వింటున్న కార్యకర్తగా నా పేరు ఇవ్వాలనే నేను నిర్ణయించుకున్నాను. ఎందుకు, ఏ షరతుల మీద అన్నది మీ ముందు పెడుతున్నాను.

మొదటి కారణం, ప్రమాణం లేనప్పుడు దెబ్బ తగిలేది స్త్రీకే. ఒక ఠాణాలో కౌన్సెలింగ్ పేరుతో జరిగింది నేను పక్కన కూర్చుని విన్నాను. దెబ్బలు తిన్న మనిషిని కొట్టిన మనిషి పక్కనే కూర్చోబెట్టి, "నీ పెనిమిటి కొట్టిండు సరే, నువ్వేమన్నవు బిడ్డా?" అని అడిగారు. గంటలో రాజీ కాగితం మీద ఆమె వేలిముద్ర పడింది. గృహహింస చట్టం కింద 2006లో చేసిన నియమాలు ఏమంటున్నాయో చూడండి. తాను చేసిన హింసకు సమర్థింపు చెప్పుకోవడానికి ప్రతివాదికి కౌన్సెలింగులో అవకాశం ఇవ్వకూడదు. ఆ సంగతి మొదలుపెట్టే ముందే అతనికి తెలియజెప్పాలి. హింస మళ్లీ జరగదన్న హామీ రాబట్టడమే దాని ఉద్దేశం. వివాదంతో సంబంధం ఉన్నవాళ్లను కౌన్సెలరుగా పెట్టకూడదు. ఇంత స్పష్టంగా రాసి ఉన్నా, కాపురం నిలబెట్టడమే కౌన్సెలింగ్ అనుకునే అలవాటు పోలేదు. పెద్దమనుషుల పంచాయితీ గది మారింది, పేరు మారింది, అంతే.

ఈ పనికి ఎవరైనా సరిపోతారన్న ఆలోచన పైస్థాయిలోనూ ఉంది. 2017 జూలైలో సుప్రీంకోర్టు 498ఎ ఫిర్యాదులను పరిశీలించడానికి జిల్లాల్లో కుటుంబ సంక్షేమ కమిటీలు వేయమన్నప్పుడు, సభ్యులుగా ఉండదగినవాళ్లలో రిటైరైనవాళ్లనూ, అధికారుల భార్యలనూ కూడా చేర్చింది. 2018 సెప్టెంబరులో ఆ కోర్టే ఆ కమిటీల ఏర్పాటును తొలగించింది. మంచి కుటుంబం నుంచి వచ్చిన మంచి మనిషి అయితే చాలదు. అధికారి భార్య కావడం ఏ రకమైన అర్హత?

రెండో కారణం మా గట్టు. మానసిక జబ్బు ఉన్నవాళ్లను తీసుకొచ్చి అంజన్న సన్నిధిలో ఒక మండలం పాటు ఉంచితే నయమవుతుందన్న నమ్మకం ఈ ప్రాంతంలో తరాలుగా ఉంది. మావంటి వాళ్ల దగ్గరికి వచ్చేసరికి చాలామంది గట్టుకు పోయి వచ్చినవాళ్లే. అటువంటివాళ్లతో ఎలా మాట్లాడాలి? మూఢనమ్మకం అని కొట్టిపారేస్తే ఆ కుటుంబం మళ్లీ మన గడప తొక్కదు. తమిళనాడులోని ఒక గుడిలో ఉండి వెళ్లిన 31 మందిని పరిశీలించిన వైద్యుల అధ్యయనం ఒకటి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. సగటున ఆరు వారాలు అక్కడ ఉన్న రోగుల్లో లక్షణాలు దాదాపు 20 శాతం తగ్గాయని, భయపెట్టని ఆదరణ గల వాతావరణం అందుకు తోడ్పడి ఉండవచ్చని వాళ్లు రాశారు. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. బీడీలు చేసి, వండి వార్చి, అత్తమామలకు చేసే ఆడమనిషికి పని అడగకుండా ఎవరైనా తోడుండే రోజులు ఇంకెక్కడ దొరుకుతాయి? కానీ గట్టు దిగినంక ఇల్లు అదే ఇల్లు. మందులు మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

నమ్మకాన్ని గౌరవించడమంటే గొలుసులను ఒప్పుకోవడం కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టి ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనూ గొలుసు వేయరాదంటుంది. ఇంకొక సంగతి కూడా మరువరాదు. ఎదురు తిరిగిన కోడలికి "పిచ్చి" అని ముద్ర వేసి పుట్టింటికి పంపే ఎత్తుగడ మనకు తెలియనిది కాదు. ఎవరు జబ్బు మనిషి, ఎవరు హింసకు గురైన మనిషి, ఎవరు రెండూ అన్నది తేల్చుకోగల శిక్షణ లేని కౌన్సెలరు ఆ ఎత్తుగడకు సాక్షి సంతకం పెడుతుంది.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల పల్లెల్లో దుఃఖం ఇంటింటికీ చేరింది. అటువంటి ఇంటికి వెళ్లే మనిషికి ఏం మాట్లాడాలో కన్నా ఏం మాట్లాడకూడదో ముందు తెలియాలి. అది డిగ్రీతోనే వస్తుందని నేననను. మంచి మనసుతోనే వస్తుందనీ అనను.

2025 జూలైలో, విశాఖపట్నంలో చదువుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు, 100 మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరు ఉండాలంది. మంచిదే. "అర్హత" అంటే ఏమిటో నగరంలో ఇంగ్లీషులో తేలిపోతే, భర్త గల్ఫులో ఉన్న స్త్రీ బాధ, బీడీ కార్మికురాలి బాధ ఇన్నేళ్లుగా విన్న మహిళా సంఘాల కార్యకర్తలు ఒక్క కలంపోటుతో అనర్హులవుతారు. అందుకే మనం ఆ బల్ల దగ్గర కూర్చోవాలి.

నా షరతులు ఇవి. స్త్రీ ఇష్టపడకుండా జంటను ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదు. ఆమె భద్రత ముందు, రాజీ తర్వాత. "మా ఊళ్లె ఎవలకు చెప్పవు గదా అక్కా?" అన్న ప్రశ్నకు పల్లెలో పనికొచ్చే జవాబు ప్రమాణాల్లో ఉండాలి. ఎందుకంటే ఇక్కడ కౌన్సెలరు, పోలీసు, అత్తగారు ఒకే వాడవాళ్లు కావచ్చు. అనుభవంతో నేర్చిన పనిని తెలుగులో, నోటిమాటగా పరీక్షించి గుర్తించాలి, కొరత ఉన్నచోట శిక్షణ ఇవ్వాలి. రోజూ దుఃఖం వినే కౌన్సెలరు తన బరువు దించుకోవడానికి ఒక పెద్దదిక్కు ఉండాలి. కౌన్సెలరు వల్ల నష్టపోయిన స్త్రీ ఫిర్యాదు చేయడానికి జిల్లాలోనే ఒక చోటు ఉండాలి.

చివరగా స్వచ్ఛంద సేవ గురించి. ఆడవాళ్ల పని ఎప్పుడూ సేవ అవుతుంది, మగవాళ్ల పని వృత్తి అవుతుంది. జీతమున్న ప్రొఫెసరుకు ఒక రోజు సమావేశం పెద్ద నష్టం కాదు. కూలి పోగొట్టుకుని, ఛార్జీలు పెట్టుకుని వచ్చే సంఘం మనిషికి అది రెండు రోజుల తిండి. ఆమెకు దారిఖర్చులు, పోయిన కూలి ఇవ్వకుండా "నిపుణులందరికీ ఆహ్వానం" అంటే, తలుపు తెరిచి మెట్లు తీసేసినట్టే. నేను డబ్బు తీసుకోకుండా వెళతాను. ఆమెకు ఇప్పించమని మొదటి సమావేశంలోనే అడుగుతాను.

పగ్గం ప్రభుత్వం చేతికి పోతుందని భయపడే మిత్రులకు ఒక్క మాట. మనం రాయకపోతే ప్రమాణాలు ఆగవు, మనం లేకుండా రాయబడతాయి. మీ మీ ఊళ్లలో కౌన్సెలింగ్ పేరుతో ఏం జరుగుతోందో, ప్రమాణాల్లో ఏం ఉండాలో పత్రికకు రాయండి. పేర్లు, ఊర్లు తీసేసి పంపండి. ఆ ఉత్తరాలే మనకు మొదటి ముసాయిదా.