ఇచ్చే ముందే తేల్చుకోవలసిన షరతు

మండలి, ధూర్జటి వంటి తెలుగు ఖతులతో సరిహద్దు పల్లెలోని అచ్చుశాల పెండ్లిపత్రిక వేసినా ఎవరికీ రుసుము చెల్లించనక్కరలేదు. అవి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదల కావడమే అందుకు కారణం. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఖతిని మాత్రం విడిగా అమ్మరాదు. ఉచితమన్నంత మాత్రాన షరతు లేదని కాదు. ఆ షరతును ఎంచుకోవలసినది రచయితే. సొంతంగా సాఫ్ట్‌వేరు రాసే యువతకు ఈ నిర్ణయం ఎంత కీలకమో రెడిస్ ఉదంతం తెలుపుతున్నది.

ఇటలీకి చెందిన సాల్వతోరె శాన్‌ఫిలిప్పో 2009లో రెడిస్ అనే డేటాబేసును రూపొందించి, బి.ఎస్.డి. లైసెన్సు కింద అందించారు. రచయిత పేరు, లైసెన్సు పాఠం తొలగించకుంటే చాలు. ఎవరైనా మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. చేసిన మార్పులను బయటపెట్టవలసిన పనిలేదు. ఈ ఉదారత దాని వ్యాప్తికి తోడ్పడింది. పెద్ద క్లౌడ్ సంస్థలు దానినే సేవగా మలచి ఆదాయం పొందాయి. అది లైసెన్సుకు విరుద్ధమూ కాదు.

తరువాత బాధ్యత చేపట్టిన కంపెనీ 2024 మార్చిలో నిబంధనలను బిగించింది. అయితే పాత ప్రతికి ఇచ్చిన అనుమతి చెల్లుతూనే ఉన్నది. కొద్దిరోజులకే ఆ ప్రతి ఆధారంగా లినక్స్ ఫౌండేషన్ నీడలో వాల్కీ అవతరించింది. 2025 మేలో రెడిస్ ఏ.జి.పి.ఎల్. కింద తిరిగి ఓపెన్ సోర్స్ గూటికి చేరినా, వాల్కీ వేరుగానే నిలిచింది.

జి.పి.ఎల్. తీరు వేరు. ప్రోగ్రామును మార్చి ఇతరులకు పంచేవారు తమ మార్పులనూ అదే షరతుపై ఇవ్వాలి. కాని సొంత సర్వరుపై ఉంచి సేవ మాత్రమే అందించేవారికి ఈ బాధ్యత ఉండదు. 2007లో వచ్చిన ఏ.జి.పి.ఎల్. మూడవ కూర్పు ఆ సందును మూసింది. అందువల్లనే కొన్ని కంపెనీలు దానిని దూరంగా ఉంచుతాయి. వ్యాప్తి కోరేవారికి బి.ఎస్.డి., ప్రతిఫలంగా మార్పులు కోరేవారికి జి.పి.ఎల్. కుటుంబం తగినవి.

ఏ లైసెన్సూ జతపరచకుంటే అందరికీ ఇచ్చినట్టేనన్న భావన పొరపాటు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్య రచనల కోవలోనిదే. అనుమతి లేనిదే ఇతరులకు హక్కు రాదు. ఇతరులు తోడ్పడిన తరువాత లైసెన్సు మార్చదలిస్తే వారి సమ్మతీ కావలసి రావచ్చు. రచయిత ఒక్కడే ఉన్న తొలినాడే ఈ సంగతి తేల్చుకోవడం మేలు.