సంగీతమునకు ఎల్లలు లేవట!

సంగీతమునకు ఎల్లలు లేవను మాట నేడు ప్రతి వేదికపైనను వినవచ్చుచున్నది. వీనులకు ఇంపైన మాటయే. కాని దీనిని ఎవరు, ఏ సమయమున, ఎవరితో పలుకుచున్నారో కొంచెము విచారింపవలసియున్నది. సొమ్ము పంచుకొనువేళ పాటకు యజమానులు, ప్రచురణకర్తలు, హక్కుదారులు, న్యాయవాదులు బారులు తీరి నిలుతురు. ఆ పాట పుట్టిన పల్లెవాడు తన భాగ మడిగిననాడు మాత్రము సంగీతమునకు ఎల్లలుండవు! అది విశ్వమానవుని సొత్తు! గాలివంటిది! వెన్నెలవంటిది!

మేము పరవాద్యద్వేషులము కాము. ఆ మాట ముందే చెప్పుట మంచిది. లేనిచో మమ్ము ఛాందసులలో జమకట్టుటకు కొందరు సిద్ధముగా నున్నారు. ఫిడేలు పడమటినుండి వచ్చినదే గదా? ముత్తుస్వామి దీక్షితులవారి సోదరులు బాలుస్వామి దీక్షితులవారు దానిని అభ్యసించి మన సంగీతమునకు అలవరచిరి. ద్వారం వేంకటస్వామినాయుడుగారి చేతిలో అది మన ఇంటి బిడ్డయే యయ్యెను. హార్మోనియము 1842లో పారిసునగరమున దెబేను అనునాతడు హక్కుపత్రము పొందిన పెట్టె. 1940లో రేడియోవారు దానిని వెలివేసి, 1971 వరకు ఆ నిషేధమును సడలింపరైరి. అయిననేమి? మన పద్యనాటకములలో దాని శ్రుతి ఒక్కరాత్రియు ఆగలేదు. పాలకొల్లున జన్మించిన శ్రీనివాసు ఇటలీదేశపు మాండొలినుకు విద్యుత్తును జోడించి త్యాగరాజస్వామివారి కృతులను పలికించెను. కావున కలయికపై మాకు తగవు లేదు. కలిపినవాడు ఎవరినుండి తెచ్చెనో చెప్పకపోవుటపైననే మా తగవు.

1939లో జోహాన్నెస్‌బర్గు పట్టణమున గాలో కంపెనీవారి శబ్దశాలలో సాలమన్ లిండా అను జులూ గాయకుడు ‘ఎంబూబే’ అను పాట పాడెను. ఎంబూబే యనగా సింహము. లిండా ఆ కంపెనీలోనే రికార్డులను పెట్టెల కెత్తు కూలివాడు. పాటపై హక్కునకుగాను ఆతనికి ముట్టినది పది షిల్లింగులు. పదేండ్లు తిరుగునప్పటికి ఆఫ్రికాలో దాదాపు లక్ష రికార్డు లమ్ముడయ్యెను. ఒక ప్రతి అమెరికా చేరెను. అచ్చట పీట్ సీగరు దానిని విని, పల్లవిలోని జులూ మాటను చెవికి తోచినట్లు ‘విమోవే’ యని వ్రాసికొనెను. ఆయన బృందము వీవర్సువారు దానినే పాడి పేరు గాంచిరి. 1961లో టోకెన్సు అను మరియొక బృందము ఆంగ్లపదములు చేర్చి పాడగా అది అమెరికాలో అగ్రస్థానమునకు ఎక్కెను. ఆ ఆంగ్లపదములను నిలిపిన రాగము ఏదనుకొన్నారు? లిండా తన పాట తుదిని అప్పటికప్పుడు అల్లిన ఆలాపనయే!

మరుసటి ఏడు, 1962లో, లిండా మరణించెను. బ్యాంకులో ఆతనికి మిగిలినది ఇరువదియైదు డాలర్లకు లోపు. పాట సప్తసముద్రములు దాటినది. సొమ్ము మాత్రము ప్రతి సుంకపు గుమ్మమువద్దను ఆగిపోయినది. సీగరు సంగతి తెలిసినపిదప లిండాకు వేయి డాలర్లు పంపెనని చెప్పుదురు; ఆపాటి మనస్సాక్షియైనను ఇతరులకు లేకపోయెను. 1994లో డిస్నీవారి ‘లయన్ కింగ్’ చిత్రమునను ఆ రాగమే వినబడెను. 2000లో రియాన్ మలాన్ అను దక్షిణాఫ్రికా పాత్రికేయుడు ఈ చరిత్రమును బయటపెట్టుటతో లోకము కన్ను తెరచినది. 2004లో వ్యాజ్యము పడినది. న్యాయవాదుల కాసరా యైనదేది? 1911నాటి బ్రిటిషు సామ్రాజ్యపు గ్రంథస్వామ్యశాసనము! కర్త మరణించిన ఇరువదియైదేండ్లకు హక్కు వారసులకు తిరిగివచ్చునని అందొక నిబంధన కలదు. నల్లవారిని బానిసలవలె చూచిన సామ్రాజ్యపు శాసనమే నల్లవాని కుమార్తెలకు అక్కరకు వచ్చుట విధివిలాసము గాక మరేమి? 2006లో రాజీ కుదిరెను. తండ్రి పోయిన నలుబదినాలుగేండ్లకు!

సాలమన్ ద్వీపములలో మలైతా యనునది యొకటి. అచ్చట అఫునాక్వా అను స్త్రీ పాడిన జోలపాటను హ్యూగో జెంపు అను పండితుడు పరిశోధనార్థము రికార్డు చేసెను. 1992లో డీప్ ఫారెస్టు అను ఫ్రెంచి జంట ఆ కంఠమును యంత్రపు తాళములమీద నతికి లోకమంతట అమ్ముకొనిరి. ఆఫ్రికా పిగ్మీల గానమని పేరొందిన ఆ సంపుటిలో ఈ జోల చేరుటచే, తరువాత నార్వేదేశపు సాక్సోఫోను విద్వాంసుడొకడు దానిని వాయించి, దానికి ‘పిగ్మీ జోలపాట’ యని నామకరణము చేసెను. పసిఫిక్ సముద్రపు తల్లి ఎక్కడ, ఆఫ్రికా అడవి యెక్కడ? పేరు అడుగని చోట ఊరు మాత్రము ఎవరికి కావలెను?

1987లో లండనులో కొందరు చిన్న కంపెనీలవారు ఒక పానశాలలో గుమిగూడి, అంగడి అరలపై అంటించుటకు ‘వరల్డ్ మ్యూజిక్’ అను చీటీ నొకదానిని నిర్ణయించిరి. అంతకుముందు ఈ సంగీతములకు అరయే లేదు గనుక వారి ఉద్దేశము చెడ్డది కాదందుము. కాని ఇంగ్లీషు పాటకు ఆ చీటీ యేల అంటదు? ఇంగ్లండు లోకములో లేదా?

పేరిచ్చి, కూలియిచ్చి తెచ్చుకొనుట అసాధ్యమందురేమో. పాల్ సైమను 1985లో జోహాన్నెస్‌బర్గునకు పోయి, అచ్చటి వాద్యకారులకు అమెరికా సంఘపు రేటుకంటె హెచ్చుగా చెల్లించి, ‘గ్రేస్‌లాండ్’ సంపుటిలో జోసెఫ్ షబలాలాను ఒక పాటకు సహకర్తగా ప్రకటించెను. ఐక్యరాజ్యసమితి పిలుపిచ్చిన సాంస్కృతిక బహిష్కారమును కాలదన్నెనని ఆయనపై వచ్చిన నింద తేలికైనది కాదు. దానిని మేము మాపదలచలేదు. అయినను పుస్తకములో పేరెక్కించుట కలము కదిపినంత పని యని ఆయన చేతయే సాక్ష్యమిచ్చుచున్నది.

ఇక మన ఇల్లు చూచుకొందము. మన చలనచిత్రములలో నేడు డప్పు, జముకు, కిన్నెర వినబడుచున్నవి. సంతోషము. పండ్రెండు మెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగిలయ్యగారు 2021లో ‘భీమ్లా నాయక్’ పాటలో పాడిరి. 2022లో పద్మశ్రీ పొందిరి. 2024లో కూలిపనికి పోవుచున్నారని పత్రికలు వ్రాసినవి. బిరుదు గోడకు, గడ్డపార చేతికి! 2021లోనే ‘సారంగదరియా’ పాట తెరకెక్కినప్పుడు, సేకరించినదెవరు, పాడినదెవరు అను తగవు వీధికెక్కినది. ‘జానపదము’ అని ఒక్కమాట వ్రాసి చేతులు దులుపుకొనుట లండను చీటీకంటె మెరుగైన పనియా? జనపదమునకు పేర్లు గల మనుష్యులు లేరా?

1957నాటి గ్రంథస్వామ్యచట్టమును 2012లో సవరించి, వాణిజ్యోపయోగమున ప్రదర్శకునకు రాబడిలో భాగము కలదని శాసించిరి. ఆ హక్కును డప్పు కొట్టువానికి ఎవరైన చదివి వినిపించిరా? నిర్మాతలను మేము కోరునది స్వల్పము: పాట ఏ ఊరిది, ఎవరినోట విన్నారు, వాద్యము వాయించినవారెవరు అను మూడు సంగతులు తెరపై వేయుడు; ఒప్పందమును తెలుగున వ్రాసి, సంతకమునకు ముందు చదివి వినిపింపుడు. రాబోవు చిత్రములలో ఆ పేర్లు ఏ వరుసన, ఎంతటి అక్షరములలో పడునో చూచి మరల వ్రాసెదము.