పాల దగ్గర పిల్లల వంతు

బడిలో పాలు పోసే పని పాలు కాగాకే మొదలవుతుంది. కర్ణాటకలో 2013 ఆగస్టు 1న ఆరంభమైన క్షీరభాగ్య పథకం లెక్క ప్రకారం ఒక్కో విద్యార్థికి 150 మిల్లీలీటర్ల పాలు, అందుకు 18 గ్రాముల పాలపొడి. 200 మంది చదివే బడిలో ఇది 3.6 కిలోల పొడి, 30 లీటర్ల పాలు అవుతుంది. పొడిని మరిగే నీళ్లలో నేరుగా కుమ్మరిస్తే ఉండలు కడుతుంది. ముందు గోరువెచ్చని నీళ్లలో జారుగా కలుపుకోవాలి, ఆ తర్వాత కాచాలి. అంతవరకు వంటమనుషుల పని. అక్కణ్నుంచి 200 గ్లాసులు బారులు తీరాలి, పాలు తాగగలిగేంత చల్లారాలి, తెట్టు కట్టకముందే తరగతులకు చేరాలి, అందరికీ ఒకే కొలత పడాలి. తాగనివాళ్లెవరో తెలియాలి. ఖాళీ గ్లాసులు తిరిగి రావాలి, జిడ్డు పోయేలా కడగాలి, లెక్క రాయాలి. ఈ రెండో సగాన్ని ప్రధానోపాధ్యాయుడికి ఒప్పజెప్పి పథకాలు సాధారణంగా చేతులు దులుపుకుంటాయి.

దీనికి కారణం పథకాల పుట్టుకలోనే ఉంది. బ్రిటన్‌లో 1933లో పాల మార్కెటింగ్ బోర్డు ఏర్పడింది. మరుసటి ఏడాదే బడిపిల్లలకు అర పెన్నీకి మూడోవంతు పైంటు, అంటే 189 మిల్లీలీటర్ల పాలు అమ్మే పథకం వచ్చింది. కర్ణాటకలో పాల సమాఖ్య దగ్గర పొడి నిల్వలు పేరుకుపోయిన రోజుల్లో క్షీరభాగ్య మొదలైంది. రెండు చోట్లా పిల్లల ఆకలి ఎంత నిజమో, అమ్ముడుపోని పాల బెడద కూడా అంతే నిజం. మిగులును కదిలించడానికి వేసిన బండి బడి గేటు దాకా బాగానే వస్తుంది. గేటు లోపల గ్లాసు దాకా నడిపించడానికి మనుషులు కావాలి. ఉపాధ్యాయులు చాలరు, వారు పాఠం చెప్పాలి. మిగిలింది పిల్లలే. పాల పంపిణీలో విద్యార్థి వాలంటీర్ల ఆలోచన ఈ అవసరంలోంచే వచ్చింది.

పిల్లలను ఎలా కలుపుకోవాలన్న ప్రశ్నకు బ్రిటన్ చెప్పిన జవాబు మిల్క్ మానిటర్. 1946 చట్టంతో 18 ఏళ్లలోపు విద్యార్థులందరికీ ఆ 189 మిల్లీలీటర్లు ఉచితమయ్యాయి. వరండాలో దించిన సీసాల పెట్టెను తరగతికి మోయడం, బల్లబల్లకూ సీసా పెట్టడం, గొట్టాలు పంచడం, ఖాళీలు పోగేయడం మానిటర్ పని. చలికాలంలో గడ్డకట్టిన సీసాలను వేడిగొట్టాల పక్కన పెట్టి కరిగిస్తే పాలు అటు చల్లగానూ ఇటు వెచ్చగానూ కాకుండా పోయేవి. ఆ రుచిని ఇప్పటికీ తిట్టుకునే పెద్దలు ఆ దేశంలో కొల్లలు. కానీ తాము మిల్క్ మానిటర్‌గా పనిచేసిన సంగతి మాత్రం అదే పెద్దలు గర్వంగా చెబుతారు. చిక్కంతా ఆ గర్వంలోనే ఉంది. మానిటర్‌ను ఎంచేది టీచరు. బుద్ధిమంతుడు, శుభ్రంగా వచ్చేవాడు, చెప్పింది వినేవాడు ఎంపికవుతాడు. మన బళ్లలో క్లాస్ లీడర్ ఎవరవుతారో తెలిసినవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. పని బహుమతిగా మారితే నలుగురికే దక్కుతుంది, మిగతా నలభైమంది పాలు పోయించుకునేవాళ్లుగా మిగిలిపోతారు. 1968లో విల్సన్ ప్రభుత్వం మాధ్యమిక పాఠశాలలకు ఉచిత పాలు ఆపింది. 1971లో విద్యామంత్రి మార్గరెట్ థాచర్ ఏడేళ్లు దాటిన పిల్లలకూ ఆపి, పాలు లాక్కున్న మంత్రిగా మారుపేరు తెచ్చుకున్నారు. పాల సీసాలతోపాటే మానిటర్ హోదా కూడా చాలా బళ్లలో మాయమైంది.

పంచే చేతికి ఎంత స్వేచ్ఛ ఉండాలన్నది ఇంకా లోతైన ప్రశ్న. దానికి స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్‌లో 1930లో జరిగిన ప్రయోగాన్ని మించిన పాఠం దొరకదు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా 20 వేల మంది బడిపిల్లల మీద ఆ ప్రయోగం చేశారు. పది వేల మందికి రోజూ ముప్పావు పైంటు పాలు ఇచ్చారు, వారిలో సగానికి పచ్చిపాలు, సగానికి పాశ్చరైజ్ చేసినవి. మరో పది వేల మందికి ఏమీ ఇవ్వకుండా ఎత్తు, బరువు మాత్రం చూశారు. పాలు ఎవరికి, ఎవరికి కాదు అన్నది చీటీలు వేసో అక్షర క్రమంలోనో తేల్చాలి. అయితే ఒక గుంపులో పుష్టిగా ఉన్నవాళ్లో బక్కచిక్కినవాళ్లో మరీ ఎక్కువైతే పిల్లల్ని మార్చుకునే వీలు ఉపాధ్యాయులకు ఇచ్చారు. మొత్తాన్నీ తారుమారు చేసింది ఆ చిన్న వెసులుబాటే. మరుసటి ఏడాది ‘స్టూడెంట్’ అనే కలంపేరుతో రాసే గణాంకవేత్త గాసెట్ దీన్ని బయటపెట్టాడు. మొదటి రోజు తూకంలోనే పాలు రానివాళ్లు ఎత్తులోనూ బరువులోనూ పైన ఉన్నారు. ఎదురుగా ఎండిపోయిన పిల్ల కనబడుతుంటే పాలు లేని వరుసలో నిలబెట్టడానికి టీచరుకు మనసొప్పక ఉంటుందని ఆయన అంచనా. అది తప్పు అనడానికి నోరు రాదు. అయినా, అంత ఖర్చుపెట్టి చేసిన ప్రయోగపు ఫలితం సందేహంలో పడింది.

పెద్దవాళ్ల చేతిలో దయే లెక్కను ఇలా వంచితే, పదేళ్ల పిల్లల చేతిలో స్నేహం, జట్టు, అలక ఎంతగా వంచుతాయో ఊహించడం కష్టం కాదు. నేస్తానికి నిండుగా, గిట్టనివాడికి వెలితిగా పోయడం పిల్లల బుద్ధి. అందుకే పిల్లలకు పని ఇవ్వాలి, నిర్ణయం ఇవ్వకూడదు. కొలత గ్లాసులోనే ఉండాలి. లోపలివైపు గీత ఉన్న స్టీలు గ్లాసో, సరిగ్గా 150 మిల్లీలీటర్లు పట్టే గరిటో ఉంటే పోసే పిల్ల ఎవరైనా కొలత మారదు. ఎవరికి మారు పోయాలి, మిగిలిన పాలు ఏం చేయాలి అన్నవి టీచరు చెప్పాల్సిన మాటలు.

జపాన్ ఈ సమస్యను ఇంకో దారిలో పరిష్కరించుకుంది. యుద్ధం ముగిశాక అక్కడి పిల్లలు విదేశీ సాయంగా వచ్చిన వెన్నతీసిన పాలపొడిని ముక్కు మూసుకుని తాగారు. 1954లో బడి భోజన చట్టం వచ్చింది. క్రమంగా పొడి పోయి అసలు పాలు వచ్చాయి, ఇప్పుడు 200 మిల్లీలీటర్ల పాలు భోజనంలో మామూలు భాగం. అక్కడ వడ్డించేది తరగతి పిల్లలే, వారానికో జట్టు చొప్పున. దీన్ని క్యూషోకు తోబాన్ అంటారు. తోబాన్ అంటే వంతు. ఇష్టమైనవాళ్లు ముందుకు రావడం, టీచరు ఎంచుకోవడం అనే ప్రసక్తే లేదు. చదువులో మొదటివాడికీ, నోరు విప్పనివాడికీ, అల్లరివాడికీ వంతు వస్తుంది. వంతులో ఉన్నవాళ్లు తెల్ల అంగీ, టోపీ, మాస్కు వేసుకుంటారు. శుక్రవారం ఆ అంగీని ఇంటికి తీసుకెళ్లి, ఉతికి, సోమవారం తెచ్చి తర్వాతి జట్టుకు అందిస్తారు. కొన్ని బళ్లలో తాగేసిన పాల అట్టపెట్టెలను పిల్లలే విప్పి, కడిగి, ఆరబెట్టి, కాగితపు రీసైక్లింగ్‌కు కట్టలు కడతారు. ఇదంతా పాఠ్యప్రణాళికలోని తరగతి కార్యక్రమాల్లో భాగంగానే లెక్క.

మన దగ్గర జపాన్ మాట ఎత్తినప్పుడల్లా పిల్లల క్రమశిక్షణ ఫొటోలే తిరుగుతుంటాయి. ఆ ఫొటోలో పడని పెద్దల ఏర్పాటే అసలు విషయం. వంతు మొదలయ్యే ముందు ఆ పిల్లలకు జ్వరం, విరేచనాలు, కడుపునొప్పి ఉన్నాయేమో, బట్టలూ చేతులూ శుభ్రంగా ఉన్నాయేమో టీచరు రోజూ చూసి నమోదు చేయాలి. పిల్లలు తినడానికి కనీసం అరగంట ముందు ప్రధానోపాధ్యాయుడు రుచి చూడాలి. ప్రతి పదార్థపు నమూనాను గడ్డకట్టించి రెండు వారాలు దాచాలి. పిల్లల వంతు అంత హాయిగా సాగుతోందంటే పెద్దల వంతు సరిగ్గా జరుగుతోంది కాబట్టే.

ఇంత ఏర్పాటు ఉన్నా అక్కడ ప్రాణం పోయింది. 2012 డిసెంబరులో టోక్యో పరిధిలోని చోఫులో పాల అలర్జీ ఉన్న అయిదో తరగతి బాలిక బడి భోజనం తిన్నాక చనిపోయింది. మొదట ఆమెకు పెట్టింది చీజ్ లేకుండా విడిగా చేసినదే. మారు వడ్డనలో అందరికోసం చేసినది ఆమె పళ్లెంలో పడింది. దాని తర్వాత 2015లో జపాన్ విద్యాశాఖ అలర్జీల విషయంలో బళ్లు పాటించాల్సిన మార్గదర్శకాలు ప్రకటించింది. పెద్దలే పొరబడిన చోట, ఎవరికి ఏది పడదో చెప్పే జాబితాను పిల్లల చేతిలో పెట్టడం నేరమే. పాలు పడని పిల్లలు మన దగ్గరా తక్కువేమీ కాదు. పాలలోని చక్కెర అరగక కడుపు ఉబ్బే వాళ్లు కొందరు, నిజమైన అలర్జీ ఉన్నవాళ్లు అరుదుగా కొందరు. ఎవరు ఎందుకు తాగడం లేదో టీచరుకు తెలిస్తే చాలు, వంతులో ఉన్న పిల్లకు ‘ఈ బల్లకు పోయొద్దు’ అన్న ఒక్క మాట సరిపోతుంది.

మన దేశానికి వచ్చేసరికి నిప్పు దగ్గరే మొదటి గీత గీయాలి. 2023 నవంబరులో కర్ణాటక కలబురగి జిల్లాలో రెండో తరగతి పాప బడి వంటశాలలో వేడి సాంబారు గుండిగలో పడి కాలిన గాయాలతో మరణించింది. కాగిన పాలు సాంబారు కన్నా తక్కువ కాల్చవు. పాల గుండిగ పొయ్యి మీంచి దిగి, గోరువెచ్చన అయ్యి, మూత ఉన్న క్యాన్‌లో పడ్డాకే పిల్లలు దగ్గరికి రావాలి. ఆ క్యాన్‌ కూడా ఇద్దరు పిల్లలు సునాయాసంగా మోయగలిగే బరువే ఉండాలి. పాలపొడి గది తాళం, సరుకు సంతకం, డబ్బు, వంటగ్యాసు పిల్లల దరిదాపుల్లోకి రాకూడదు.

రెండో గీత కూలి దగ్గర. కేంద్రం నిబంధన ప్రకారం 25 మంది పిల్లల దాకా ఒక వంటమనిషి, 100 మంది దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకూ ఒకరు ఉండాలి. అంటే 200 మందికి ముగ్గురు. వారికి కేంద్రం లెక్క నెలకు 1,000 రూపాయలు, రెండు తెలుగు రాష్ట్రాలూ దాన్ని 3,000కు పెంచాయి. రోజుకు వంద రూపాయలన్నమాట. పిల్లలు గ్లాసులు కడుగుతున్నారు కదా అని మూడో మనిషిని తీసేసే తెలివి ఎక్కడో ఒకచోట పుట్టకుండా ఉండదు. పిల్ల తన గ్లాసు తాను కడుక్కుంటే అది అలవాటు. రెండు వందల గ్లాసులు కడిగితే అది పాకీపనితో సమానమైన వెట్టి. ఈ తేడాను ఉత్తర్వులోనే రాయాలి.

ఇక కులం. 2004లో సుప్రీంకోర్టు బడి భోజనపు వంట ఉద్యోగాల్లో దళితులకూ, ఆదివాసులకూ ప్రాధాన్యం ఇవ్వాలని ఆదేశించింది. అయినా 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో దళిత మహిళ వండిందని పైకులాల పిల్లలు భోజనం మానేశారు. ఎవరు ఎవరి చేతి నీళ్లు తాగాలన్నది ఇప్పటికీ తేలని దేశంలో పాలు పోసే చేయి ఎవరిదన్నది చిన్న విషయం కాదు. స్వచ్ఛందంగా రమ్మంటే ఎవరు ముందుకొస్తారో, ఎవరు వెనకే ఆగిపోతారో ఊరి పటం చూసి చెప్పేయవచ్చు. టీచరు ఎంచుకుంటే అబ్బాయిలు క్యాన్ మోస్తారు, అమ్మాయిలు గ్లాసులు కడుగుతారు. హాజరు పట్టీ ప్రకారం వంతు తిరిగితే, పోయడమూ కడగడమూ తుడవడమూ అందరికీ తిరిగి తిరిగి వస్తే, ఉపన్యాసం ఇవ్వకుండానే ఏడాదిలో ప్రతి పిల్లా ప్రతి పిల్ల చేతి పాలు తాగుతుంది. వాలంటీరు పద్ధతి కన్నా వంతు పద్ధతి మేలనడానికి మిగతా కారణాలన్నీ కలిపినా ఇంత బలమైనవి కావు. ఇంటివాళ్లు అభ్యంతరం చెప్పినా ప్రధానోపాధ్యాయుడు చూపించడానికి గోడమీద పట్టిక ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో బడి పాలు పాత జ్ఞాపకం. అరవయ్యో దశకంలో కేర్ సంస్థ పంపిన గోధుమనూక ఉప్మా తిని, పాలపొడి కలిపిన పాలు తాగిన తరం ఇంకా ఉంది. ఇప్పుడు గురుకులాల్లో తప్ప మామూలు సర్కారు బడిలో గ్లాసు అంటే రాగిజావే. 2023లో రెండు రాష్ట్రాలూ వారానికి మూడు రోజులు ఉదయం జావ ఇవ్వడం మొదలుపెట్టాయి. పాలకైనా జావకైనా పని ఒకటే: వేడిది, చిక్కనిది, కొలత కావాల్సినది, గ్లాసుకు అంటుకునేది. గురుకులాల్లో మెస్ కమిటీలున్నాయి గానీ అవి ఎక్కువగా పెద్ద తరగతుల లీడర్లతో నిండి, తనిఖీ అధికారులు వచ్చినప్పుడు వరుసలో నిలబడడానికే పనికొస్తున్నాయి.

పిల్లలు నిజంగా బాగా చేయగలిగిన పని ఒకటుంది, లెక్క. ఇవాళ ఎన్ని గ్లాసులు పోశాం, ఎన్ని ఖాళీగా తిరిగొచ్చాయి, ఎన్నింట్లో సగం మిగిలింది. ఈ మూడు అంకెలు వంతు జట్టు బడి ముందు నల్లబల్ల మీద రాస్తే మూడో తరగతి కూడికలు, తీసివేతలు రోజూ సాధన అవుతాయి. హాజరు పట్టీలో ఒక సంఖ్య, గ్లాసుల దగ్గర మరో సంఖ్య ఉంటే ఊళ్లోవాళ్లకు చదివి చెప్పనక్కర్లేదు. అంతకుమించి పిల్లల్ని నిఘా మనుషులుగా వాడకూడదు. ఫలానా టీచరు ఏం చేశారో చెప్పమని పై అధికారి పిల్లల్ని అడిగిన రోజున వంతు చెడిపోతుంది. మర్నాటి నుంచి ఆ బడిలో నల్లబల్ల మీద అన్నీ పట్టీతో సరిపోలే అంకెలే కనిపిస్తాయి.

ఈ ఏర్పాటుకు కొత్త నిధులు అక్కర్లేదు. ఓ పట్టిక, గీత ఉన్న గ్లాసులు, నాలుగు తెల్ల అంగీలు చాలు. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ప్రధానోపాధ్యాయులు పట్టికను గోడకెక్కించాలి. పేర్లు హాజరు పట్టీ చివర్నుంచి మొదలుపెడితే ఇంకా మంచిది, క్లాస్ లీడర్ల వంతు దసరా సెలవుల తర్వాత వచ్చినా కొంప మునిగేదేమీ లేదు.