ఎర్ర కాలరు తెల్లబడేదాకా!

ఆమెకు పదహారేళ్లు. నిద్రపోవడానికి మెత్తటి తలగడ లేదు. మెడ కింద ఎత్తుగా, పెట్టెలాంటి ఓ దిండు. అటూ ఇటూ దొర్లిందా... వారానికోసారి వేయించుకునే కొప్పు కాస్తా చెదిరిపోతుంది! జపాన్‌లోని క్యోటో నగరంలో గీషా కావాలనుకునే అమ్మాయికి రాత్రుళ్లు ఇలాగే గడుస్తాయి.

'గే' అంటే కళ, 'షా' అంటే మనిషి. వెరసి కళాకారిణి అన్నమాట. విచిత్రం ఏమిటంటే, మొట్టమొదటి గీషాలు మగవాళ్లే! విందుల్లో హాస్యమాడి, డోలు వాయించి అతిథుల్ని నవ్వించేవారు. 18వ శతాబ్దంలో ఆడవాళ్లు అడుగుపెట్టి ఆ రంగాన్ని తమ సొంతం చేసుకున్నారు.

క్యోటోలో గీషాని 'గెయికో' అంటారు. శిక్షణలో ఉన్న పిల్ల 'మైకో'. పదిహేనేళ్లకు బడి చదువు ముగించి 'ఒకియా' అనే ఇంట్లో చేరుతుంది. ఆ ఇంటి యజమానురాలిని 'అమ్మా' అనీ, సీనియర్లను 'అక్కా' అనీ పిలవాలి. తిండి, బట్ట, శిక్షణ ఖర్చులన్నీ ఒకియావే. జీతం మాత్రం ఉండదు, చేతిఖర్చులకు ఇస్తారంతే. మూడు తీగల షమిసెన్, విసనకర్ర నాట్యం, పాట, తేనీరు అందించే పద్ధతి... అన్నీ నేర్చుకోవడానికి దాదాపు అయిదేళ్లు. ఆ తర్వాత కిమోనో లోపలి ఎర్ర కాలరు తీసేసి తెల్లది వేస్తారు. ఆ రోజు నుంచీ ఆమె గెయికో. ఇక విగ్గు పెట్టుకోవచ్చు, హాయిగా నిద్రపోవచ్చు!

ఇంత కష్టపడినా, గీషా అనగానే బయటివాళ్లకు తోచేది వేరు. 1997లో అమెరికా రచయిత ఆర్థర్ గోల్డెన్ రాసిన నవల ఆ అపోహను మరింత పెంచింది. దానికోసం వివరాలు చెప్పిన మాజీ గెయికో మినెకో ఇవాసాకి 2001లో కోర్టుకెక్కారు. మరుసటి ఏడు తన కథను తానే రాసుకున్నారు. 2003లో రాజీ కుదిరింది.

అలాగని ఈ ప్రపంచంలో అంతా వెన్నెలే కాదు. ఒకప్పుడు పేదింటి ఆడపిల్లల్ని అప్పు కింద ఒకియాలకు అప్పగించేవారు. ఇప్పుడు ఇష్టపడే వస్తున్నారు. అయినా 2022లో ఓ మాజీ మైకో, చిన్న వయసులోనే తనచేత మద్యం తాగించారని బయటపెట్టడంతో దేశమంతా చర్చ జరిగింది. కళను కాపాడాలంటే ముందు ఆ పిల్లల్ని కాపాడాలి కదా!

మరో బెడద పర్యాటకులు. గియోన్ వీధుల్లో కెమెరాలతో వెంటపడటం, కిమోనో పట్టుకు లాగడం! దాంతో 2019లో అక్కడి ప్రైవేటు సందుల్లో ఫొటోలు నిషేధించారు. 2024లో కొన్ని సందుల్లోకి అసలు రానివ్వడమే మానేశారు.

నిజంగా వాళ్ల కళను చూడాలంటే వెంటపడక్కర్లేదు. ఏటా ఏప్రిల్‌లో గియోన్‌లో 'మియాకో ఒదోరి' నాట్యోత్సవం జరుగుతుంది. 1872లో మొదలైన వేడుక. టిక్కెట్టు కొనుక్కుని కూర్చుంటే చాలు... ఆ అయిదేళ్ల కష్టం వేదిక మీద కనిపిస్తుంది!