గేదెని ఎవరు మేపాలి?



మనలో చాలామంది అమ్మలు డ్వాక్రా గ్రూపుల్లో ఉన్నారు. ఈ పథకం 1982లోనే వచ్చింది. కాని మన రాష్ట్రంలో ఊపు వచ్చింది 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ గారూ ఊరి ఆడవాళ్ళూ సారా మీద తిరగబడిన తర్వాతే. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకునే వాళ్ళు చేసిన పని అది! 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లా ఆడవాళ్ళు రోజుకి రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. కాబట్టి గ్రూపులు వద్దని నేను అనడం లేదు. లోన్ అనగానే అందరూ గేదె అంటారెందుకు అనేదే నా ప్రశ్న.

మా ఇంటికీ గేదె వచ్చింది. అమ్మా నాన్నా తెల్లారకముందే మామిడి తోటకి కూలికి పోతారు. మాకు పొలం లేదు, మేపుకోడానికి గట్టు కూడా లేదు. గడ్డి కొనాలి, తవుడు కొనాలి. మరి చూసుకునేది ఎవరు? మా అక్క. బడి మానెయ్యమని ఎవరూ అనలేదు. "ఇవాళ ఒక్కరోజు ఉండు" అని రోజూ అన్నారు, అంతే. అక్క చదువు ఏడుతో ఆగింది. పాలు ఇచ్చినన్నాళ్ళు బాగానే ఉంది. వట్టిపోయాక కూడా గేదె మేత తినకుండా ఉండదు కదా, వాయిదా కూడా ఆగదు. చివరికి అమ్మేశారు. గేదె పోయింది గాని అక్క మళ్ళీ బడికి రాలేదు.

పొలం ఉన్నోళ్ళకి గేదె మంచిదే. మన తండాల్లో వాళ్ళకి నాటుకోళ్ళు నయం. పెట్ట పది పన్నెండు గుడ్లు పొదిగి 21 రోజులకి పిల్లల్ని లేపుద్ది. నూకలూ పురుగులూ ఏరుకు తింటది, వెనక మనిషి అక్కర్లేదు. భయమల్లా కొక్కెర తెగులు. అది వస్తే వారంలో తండా కోళ్ళన్నీ పోతాయి. టీకా ఉంది, కాని సీసాలో మందు చాలా కోళ్ళకి వస్తది, ఒకసారి కలిపితే దాచుకోవడానికి లేదు. నాలుగు కోళ్ళున్న ఒక్క ఇంటికి సీసా దండగ. గ్రూపంతా ఒకే రోజు వేయించుకోవాలి. గ్రూపు ఉండేది ఇందుకే కదా.

ఇంకోటి మన చుట్టూ ఉన్న మామిడి. వేసవి గాలిదుమారానికి రాలిన కాయకి నున్న మార్కెట్లో ధర పలకదు. చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి ఎండబెడితే ఒరుగులు. పది కిలోలకి కిలో చిల్లరే వస్తాయి, కాని ఏడాది నిలవుంటాయి. ఎవరో చెప్పిన ధరకి ఆ పూటే అమ్ముకోనక్కర్లేదు. వాన పడితే బూజు పట్టుద్ది, పట్టాలు కావాలి. మనం సాయం చేసినా సెలవుల్లోనే అయిపోయే పని.

వార్డెన్ మేడమ్ గారికి మనవి. మన హాస్టల్ పప్పులో ఒరుగులు వేస్తే మా అమ్మల దగ్గరే కొనొచ్చు. మెనూలో లేదంటారని తెలుసు, అయినా అడుగుతున్నాను. అమ్మలు మీటింగుకి వచ్చినప్పుడు లోన్‌తో ఏం కొన్నారని కాకుండా, దాన్ని ఇంట్లో ఎవరు చూస్తున్నారని అడగండి మేడమ్.

అమ్మ వాళ్ళ గ్రూపులో మళ్ళీ గేదె మాట వచ్చిందంట. సంక్రాంతి సెలవులకి పోయినప్పుడు ఇదంతా చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కోళ్ళయితే గూడు ఎక్కడ కట్టాలి?" అంది.

– 9వ తరగతి విద్యార్థిని