రక్షణ పరీక్ష కాదు

మేము బళ్ళారి తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగు అక్షరాలను కన్నడ అక్షరాల పోలికతో, అవ్వ పక్కన కూర్చుని, ఆమె బైబిల్లోనే కూడబలుక్కుని నేర్చుకున్నాం.

"దేవుని వాక్యం ఒక్కటే గదా, కన్నడంలో చదివితే ఏం, ఇంగ్లీషులో చదివితే ఏం?" అని ఇప్పుడు మన పిల్లలు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. యేసు ప్రభువు మాట్లాడింది అరామిక్. సువార్తలు మనకు దక్కింది గ్రీకులో. ఏ ఒక్క భాషకూ కట్టుబడకపోవడమే ఈ వాక్యం ప్రత్యేకత. 1810లో బళ్ళారికి వచ్చిన మిషనరీ జాన్ హ్యాండ్స్ కన్నడ బైబిలుకు పూనుకున్నాడు. విశాఖపట్నంలో తెలుగు చేసిన మూడు సువార్తలు 1812లో సేరాంపూర్‌లో అచ్చయ్యాయి. రెండు భాషలూ మనవే.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మా ఉద్యోగం. ఒక్క పెద్ద తప్పు దొరికినా రిలీజు ఆగిపోతుంది. దేవుడూ అట్లాగే చూస్తాడని చాన్నాళ్ళు భయపడినాం. కానీ లూకా 15వ అధ్యాయంలో తండ్రి అట్లా చేయడు. తప్పిపోయిన కొడుకు ఇంకా దూరాన ఉండగానే ఎదురు పరుగెత్తి కౌగిలించుకుంటాడు. ఒప్పుకోలు ఆ తర్వాతే.

కృప సంగతి వేరేవాళ్ళకు తెలీదని మేము అనం. తల్లిపిల్లి తన కూనను నోట కరచుకున్నట్టు దేవుడే కాపాడతాడని శ్రీవైష్ణవుల్లో తెంగలై వారూ చెబుతారు. మన విశ్వాసంలో ప్రత్యేకమైనది సిలువ. మనిషి మారకముందే, దేవుడే మన వెల చెల్లించాడు.

ఈ సంగతి మాకు తెలిసింది కన్నడంలో, మనసుకు తగిలింది తెలుగులో. చివరి రోజుల్లో అవ్వ మా పేర్లు మరిచిపోయింది. మేము యోహాను సువార్త మూడో అధ్యాయం తెలుగులో నత్తినత్తిగా చదువుతుంటే, తడబడిన చోటల్లా మాట తనే అందించేది. తప్పు చదివారని ఒక్కసారీ అనలేదు.

రక్షణకు తెలుగు షరతు కాదు. షరతు పెడితే అది కృపే కాదు. అయినా ప్రతి ఇంట్లో పెద్దవాళ్ళకు వాళ్ళ భాషలో చదివి వినిపించే గొంతు ఒకటైనా ఉండాలని మా అభిప్రాయం. ఆదివారం ఒక్క అధ్యాయం చాలు. పిల్లల చేత చదివించండి. తప్పులు పోతే పోనీ, మధ్యలో ఆపకండి.